వెనక్కి నడిచిన వడ్డన

వెర్న్ టక్‌వెల్ సూపు ఒలికించాడంటే ఆ రైలు లైను మొత్తం మీద నమ్మేవాళ్లు ఒక్కరు దొరికేవారు కాదు. నడి ఎండాకాలంలో మంచు కురిసిందంటే నమ్ముతారు, మంత్రిగారు తప్పు ఒప్పుకున్నారంటే కూడా కాస్త ఆలోచించి నమ్ముతారు, ఇది మాత్రం నమ్మరు. సిడ్నీలో పొద్దున్నే బయల్దేరి, కొండలెక్కి దిగి, గోధుమ పొలాల మధ్య ఉన్న విర్రబెల్ దాకా పగలంతా పరిగెత్తే మెయిలు అది. ఆ కొండల్లో పట్టాలు వేయించిన పెద్దమనిషెవరో గాని, తిన్నగా గీత గీయడం చచ్చినా రానివాడు. మెలికలే మెలికలు. కూర్చున్నవాళ్లే ప్రాణాలు ఉగ్గబట్టుకునే ఆ మలుపుల్లో వడ్డనదారు వెర్న్ మాత్రం చేతుల పొడుగునా సూపు పళ్లేలు పేర్చుకుని, షికారుకెళ్తున్నట్టు నడిచొచ్చేవాడు.

కిటికీలోంచి చూసి నడిచేవాడు కూడా కాదు. వంటింటి తలుపు దగ్గర పళ్లేలు అందుకుని అడుగు ముందుకేస్తే చాలు, గుండరా వంతెన దాటాక ఎటు ఒరగాలో, సొరంగం ముందు ఏ మోకాలు వంచాలో అతని ఒంటికే తెలిసిపోయేది. బుర్రతో పని లేదు. పని లేని బుర్ర ఊరికే ఉండదు కదా, అది ఇన్నేళ్లుగా ఈనిడ్ బ్రాకెన్ గురించి ఆలోచిస్తూ కూర్చుంది.

భోజనాల పెట్టెలో సగం వంటిల్లు, సగం బల్లలు. ఆ వంటిల్లు ఈనిడ్‌ది. భర్త పోయాక రైల్లో చేరిన మనిషి. ఊగే నేల మీద, పిడికెడంత పొయ్యి మీద ఆమె వేయించే గొర్రెమాంసం కోసం దిగాల్సిన స్టేషన్ దాటించుకున్నవాళ్లున్నారు. వంటింటికి నడుం ఎత్తున ఒక అరతలుపు. దాని మీదుగా ఆమె పళ్లేలు అందిస్తుంది, వెర్న్ అందుకుంటాడు, తిరిగి వెళ్లిపోతాడు. "రెండు సూపులు, మిసెస్ బ్రాకెన్" అని ఇతను, "చెయ్యి జాగ్రత్త, మిస్టర్ టక్‌వెల్" అని ఆమె. ఇన్నేళ్లలో ఆ సంభాషణ అంగుళం కూడా ముందుకి జరగలేదు. ఇద్దరూ యాభై దాటారు. సిగ్గు మాత్రం పదిహేనేళ్ల పిల్లలది.

ఇప్పుడేమో ఈనిడ్ వెళ్లిపోతోంది. ఆమె చెల్లెలు విర్రబెల్‌లో టీ దుకాణం పెట్టుకుంది, పనికి మనిషి చాలడం లేదు, వచ్చెయ్యక్కా అని రాసింది. ఈనిడ్ సరేనంది. ఇవాళ్టిదే ఆఖరి ప్రయాణం. ఆమె ట్రంకు పెట్టె అప్పుడే వంటింటి మూల తాడు కట్టుకుని కూర్చుంది. సాయంత్రం రైలు విర్రబెల్ చేరేలోపు వెర్న్ నోరు విప్పితే విప్పినట్టు, లేకపోతే ఇక జన్మలో లేదు. ఈ సంగతి ఇంజను డ్రైవరుకి తెలుసు, గార్డుకి తెలుసు, దారిలో జెండా ఊపేవాళ్లకి తెలుసు. ఈనిడ్‌కి తెలుసో లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

రెండో వడ్డనదారు క్లారీ డన్‌స్టన్ అయితే నెల రోజులుగా నిద్ర మానుకున్నాడు. క్లారీ గుమ్మడికాయలాంటి మనిషి, స్నేహానికి ప్రాణమిస్తాడు, ఆ ఇచ్చేదేదో వేళాకోళంతో కలిపి ఇస్తాడు. వెర్న్ చెప్పాల్సిన నాలుగు మాటలూ బట్టీ పట్టించే బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. బల్లగుడ్డలు దాచే ఇరుకు గదిలో, టవళ్ల మధ్య, నెత్తిన గిన్నెలు తుడిచే గుడ్డ కప్పుకుని తనే ఈనిడ్‌గా నిలబడేవాడు. వెర్న్ చేతులు నలుపుకుంటూ మొదలుపెట్టేవాడు. సగం చెప్పగానే క్లారీ గుడ్డ సర్దుకుని "క్షమించండి, మీ మీద నాకు ఆ ఉద్దేశం లేదు" అనేవాడు. ప్రతిసారీ అంతే. ఒక్కసారైనా ఒప్పుకోవచ్చు కదరా అని వెర్న్ మొత్తుకుంటే, కష్టానికి అలవాటు పడాలి గురూ అని ఉపదేశం చేసేవాడు.

వెర్న్ బెంగ ఒక్కటే. అతనికి ఇల్లు లేదు, అందం లేదు, జుట్టు కూడా వెళ్లిపోయే ఏర్పాట్లలో ఉంది. ఉన్న ఒక్క ఆస్తి, చుక్క ఒలకనివ్వని చెయ్యి. దాన్ని చూసైనా ఆమె ఊఁ అంటుందేమోనని ఆశ. రెండో బంతి లేచి, టీ కప్పులు కడగడం అయ్యాక అడగాలని ముహూర్తం పెట్టుకున్నాడు.

ఆ ముహూర్తం ధ్యాసలో పడి, పొద్దుట్నుంచీ జరుగుతున్నవి అతనికి ఆనలేదు. రోజూ నీడలో ఉండే బల్లల మీద ఎండ పడింది. వెన్న కరిగి కారిపోతే వెన్ననే తిట్టాడు. కిటికీలోంచి ఎప్పుడూ ఎడమ పక్కన కనిపించే గొర్రెల మంద కుడి పక్కన కనిపిస్తే, ఇవాళ మేత అటు బాగుందేమో అనుకున్నాడు. ప్రేమలో ఉన్నవాడి తెలివితేటలు అలాగే ఉంటాయి మరి, ఏం చేస్తాం.

మొదటి బంతికి బల్లలన్నీ నిండాయి. కూర్చున్నవాళ్లంతా ఒకే రకం. పచ్చిక మీద గుండ్లు దొర్లించే ఆట ఉంది చూశారూ, ఆ ఆటగత్తెలు. మహిళా క్లబ్బు మొత్తం విర్రబెల్‌లో పోటీకి బయల్దేరింది. తెల్ల గౌనులు, తెల్ల మేజోళ్లు, తెల్ల బూట్లు, గంజి పెట్టిన తెల్ల టోపీలు. ఆ తెల్లదనానికి కళ్లు చెదిరాయి. వాళ్ల కెప్టెన్ మిసెస్ లాక్స్‌టన్, ఎత్తయిన మనిషి, అంతకంటే ఎత్తయిన గొంతు, మొదటి బల్ల దగ్గర కొలువు తీరింది. ఇవాళ్టి సూపు పచ్చ బఠాణీలది. దాని వెనకాలే కోసిన బీట్‌రూట్. దేవుడు ఒక్కోసారి సరదా పడతాడు.

రైలు గుండరా వంతెన దాటింది. వెర్న్ సూపు పళ్లేలతో వంటింటి తలుపు దగ్గర్నుంచి అడుగేశాడు, రోజూలాగే కుడికి ఒరిగాడు. రైలు కూడా అతన్ని కుడికే తోసింది. జీవితంలో మొదటిసారి వెర్న్‌కి కాళ్ల కింద నేల లేకుండా పోయింది. నాలుగడుగులు గబగబా పక్కకి పరిగెత్తాడు, రెండు పళ్లేలు గాల్లోకి లేచాయి, మిసెస్ లాక్స్‌టన్ టోపీ పచ్చబడిపోయింది. సూపు అప్పటికి వేడి తగ్గింది కాబట్టి సరిపోయింది గాని, ఆవిడ ముక్కు మీదుగా ఒక బఠాణీ నింపాదిగా జారి ఒళ్లో పడేదాకా పెట్టెలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు.

అతన్ని ఆదుకుందామని వెనకాలే క్లారీ బీట్‌రూట్ పళ్లెంతో దూసుకొచ్చాడు. అతనిదీ అదే అలవాటు, అదే ఒరుగుడు. వచ్చినవాడు వచ్చినట్టే ఒక సన్నటి ఆవిడ ఒళ్లో కూలబడ్డాడు. లేచి, కంగారులో పక్కావిడకి క్షమాపణ చెప్పాడు, సర్దుకునేలోపు ఇంకో మలుపొచ్చి ఆ పక్కావిడ ఒళ్లోనే కూర్చున్నాడు, అలా చెప్పిన క్షమాపణకి న్యాయం జరిగింది. బీట్‌రూట్ ముక్కలు మాత్రం ఎవరి తరఫునా ఉండకుండా అందరికీ సమానంగా అంటుకున్నాయి. క్లబ్బు మొత్తం ఎర్రచుక్కలతో మసూచి సోకినట్టయింది.

తిట్టాల్సినవాళ్లలోనే ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో అందుకున్నారు. ఇక చూడండి, కళ్ల నీళ్లు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడి నవ్వడం మొదలుపెట్టారు. మిసెస్ లాక్స్‌టన్ ఒక్కతే గంభీరంగా టోపీ తీసి, దాన్లోని సూపు పళ్లెంలోకి ఒంపి, వెర్న్‌ని కింది నుంచి మీది దాకా చూసింది.

"మా గుండుకి ఒక పక్క బరువెక్కువ నాయనా" అంది. "దాన్ని తిరగేసి పట్టుకుని వదిలితే పక్కవాళ్ల ఆటలోకి దొర్లుకుంటూ పోతుంది, ఊరంతా నవ్వుతారు. నువ్వూ ఇవాళ నిన్ను తిరగేసి పట్టుకొచ్చినట్టున్నావు."

వెర్న్ ఏదో గొణిగి వెనక్కొచ్చాడు. ఉన్న ఒక్క ఆస్తీ ఆమె కళ్లెదుటే, ఆఖరి రోజునే ఒలికిపోయింది. ఇంకేం చూపించి అడుగుతాడు? అరతలుపు దగ్గర తల వంచుకుని నిలబడి, నా పని అయిపోయింది మిసెస్ బ్రాకెన్, నాకేదో జబ్బు చేసింది అన్నాడు.

"మీకు కాదు" అంది ఈనిడ్. "జబ్బు ఈ పెట్టెకే చేసింది. పొద్దుట్నుంచీ అటు జారాల్సిన గిన్నెలన్నీ ఇటు జారుతున్నాయి. కెటిల్ రెండుసార్లు నా మీదకొచ్చింది. ఇవాళ ఆఖరి రోజు కదా, అదీ ఏడుస్తోంది కాబోలు అనుకున్నాను."

వెర్న్ ఆమె వంక చూశాడు, గిన్నెల వంక చూశాడు, మిసెస్ లాక్స్‌టన్ టోపీ వంక చూశాడు. అప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టాడు. వంటింటి పక్కన ఉండాల్సిన ఇంజను అటు చివర, బల్లల వైపున పొగ కక్కుతోంది. కిందటి వారం రంగు వేయించడానికి యార్డుకి తీసుకెళ్లిన పెట్టెని ఎవడో మహానుభావుడు తిప్పి తగిలించాడు. తెల్లవారకముందే ఎక్కిన పనివాళ్లు ఎవరూ చూసుకోలేదు. ఇన్నేళ్లూ రైలు తోక వైపు మొహం పెట్టి వడ్డించిన మనిషి ఇవాళ ఇంజను వైపు మొహం పెట్టి నడుస్తున్నాడు. అతని ఒంటికి తెలిసిన ప్రతి కుడీ ఎడమైపోయింది.

తెలిస్తే మాత్రం ఏం లాభం? ఎడమకి ఒరగమని బుర్ర చెబుతుంది, ఒళ్లు వినదు. రెండూ కలిసి లాక్కునేసరికి వెర్న్ ఈసారి ఖాళీ ట్రేతో సహా కిటికీ తెర చుట్టుకుని తేలాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. క్లారీ తన వంతు నేల మీద పాక్కుంటూ వెళ్లి రొట్టె అందించి వచ్చాడు. ఆ పద్ధతిలో గొర్రెమాంసం వడ్డించలేరు కదా.

మాంసం ముక్కలు, వేగిన బంగాళాదుంపలు, పైన చిక్కటి రసం, పక్కన పుదీనా. ఈనిడ్ అరతలుపు మీద పళ్లేలు వరసగా పేర్చింది. పేర్చి, వాటి మీద చేతులు అడ్డం పెట్టింది.

"ఇది ఈ రైల్లో నా ఆఖరి వంట మిస్టర్ టక్‌వెల్. ఇది గనక నేల పాలయిందంటే నేను ఏడుస్తాను. ఇక్కడే, వీళ్లందరి ముందే ఏడుస్తాను."

ఆమె ఏడుస్తుందనేసరికి వెర్న్ గుండెలో కలుక్కుమంది. రైలుని తిప్పలేడు. పెట్టెని తిప్పలేడు. తిప్పగలిగింది ఒక్కటే ఉంది. పళ్లేలు చేతుల పొడుగునా పేర్చుకున్నాడు, ఈనిడ్‌కి ఎదురుగా అలాగే నిలబడి, వీపు బల్లల వైపు పెట్టి, వెనక్కి అడుగేశాడు.

మలుపొచ్చింది. వెర్న్ కుడికి ఒరిగాడు. రసం పళ్లెం అంచు దాకా వచ్చి, బుద్ధిగా వెనక్కి వెళ్లింది.

ఆడవాళ్లు గుక్క తిప్పుకోకుండా దారి చెప్పడం మొదలుపెట్టారు. ఇంకో అడుగు నాయనా, కుర్చీ ఉంది, కాలు పక్కకి, ఆఁ చాలు, దించు. వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, తల తిప్పకుండా, భుజం మీదుగా పళ్లెం దించడం చూసి క్లారీకి పూనకం వచ్చేసింది. తనూ తిరిగాడు. తిరిగొచ్చేటప్పుడు కూడా వెనక్కే నడవాలి కాబట్టి, వెళ్లేవాడి వీపూ వచ్చేవాడి వీపూ నడవ మధ్యలో ఢీకొని, ఇద్దరూ మొహాలు చూసుకోకుండానే మర్యాదగా సారీలు చెప్పుకున్నారు. మిసెస్ లాక్స్‌టన్ చెంచాతో బల్ల మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు అందుకున్నారు. చుక్క ఒలకలేదు.

అయితే వెర్న్ ఇవేవీ వినడం లేదు. అతనికి ఒక వింత కనిపిస్తోంది. ఇన్నేళ్లూ పళ్లేలు అందుకోగానే ఈనిడ్‌కి వీపు పెట్టి వెళ్లిపోయిన మనిషి, వెళ్తూ ఆమె మొహం చూడడం ఇదే మొదటిసారి. ఆమె పళ్లేలు అందించి పొయ్యి దగ్గరికి పోతుందనే అనుకున్నాడు ఇన్నాళ్లూ. పోవడం లేదు. అరతలుపు పట్టుకుని నిలబడిపోయింది. అతనెటు ఒరిగితే ఆమె భుజం అటు ఒరుగుతోంది. కింది పెదవి పళ్ల మధ్య బిగబట్టి ఉంది. పళ్లెం బల్ల మీద ఆనగానే వదిలింది.

ఇంకోసారి వచ్చాడు, ఇంకోసారి వెళ్లాడు. మళ్లీ అదే చూపు. కొత్తగా నేర్చుకున్న చూపులా లేదు. బాగా వాడి వాడి అరిగిన చూపులా ఉంది. మూడోసారి పళ్లేలు అందుకుంటూ ఉండబట్టలేక అడిగేశాడు.

"రోజూ ఇలాగే చూస్తారా?"

ఈనిడ్ చెవుల దాకా ఎర్రబడింది. "మరి? నా వంట మీ చేతుల్లో వెళ్తోంది, చూడొద్దూ?" అంది. అని, పక్కనున్న గరిట తీసి అవసరం లేకపోయినా తుడిచింది.

బట్టీ పట్టిన నాలుగు మాటలూ వెర్న్ నోటి దాకా వచ్చి, అక్కడ తలుపు వేసున్నట్టు ఆగిపోయాయి. రైలు ఆగదు, పళ్లేలు చల్లారిపోతాయి. అతను వెనక్కి నడక మొదలుపెట్టాడు. ఒక్కో అడుగూ ఆమెకి దూరం చేస్తోంది. సాయంత్రం జరగబోయేది కూడా ఇదే కదా అనిపించింది. మూడో బల్ల దాటేసరికి తట్టుకోలేకపోయాడు.

"దిగకండి" అన్నాడు.

చక్రాల మోతలో ఈనిడ్‌కి వినపడలేదు. ఏమిటన్నట్టు చెయ్యి చెవికి ఆనించింది. వెర్న్ అప్పటికి ఇంకో రెండడుగులు వెనక్కి పోయాడు. సొరంగం ముందరి పెద్ద మలుపు మొదలైంది. ఆ మలుపులో అటు చివర బల్లకి నడుం ఆనించి, చేతుల నిండా పళ్లేలతో శిలావిగ్రహంలా నిలబడడం తప్ప ఎవరూ ఏమీ చెయ్యలేరు.

"దిగిపోవద్దంటున్నాడమ్మా" అని మిసెస్ లాక్స్‌టన్ వంటింటి వైపు కేకేసింది.

చెంచాల తాళం ఆగిపోయింది. గుండ్ల క్లబ్బు మొత్తం, ఎర్రచుక్కల టోపీలన్నీ, ఒక్కసారి ఈనిడ్ వైపు తిరిగాయి.

ఈనిడ్ గరిట గట్టిగా పట్టుకుంది. ఎందుకు దిగకూడదో కనుక్కోమంది. ప్రశ్న బల్ల నుంచి బల్లకి నడిచి వెర్న్‌ని చేరింది. వెర్న్ జవాబు చెప్పాడు, నెమ్మదిగా, నేల చూపులు చూస్తూ. అది తిరుగు ప్రయాణంలో ఒక్కో బల్ల దగ్గరా ఒక్కో ఆవిడ కళ్లు తుడుచుకునేలా చేసింది. మొదటి బల్లకొచ్చేసరికి మిసెస్ లాక్స్‌టన్ గొంతు కూడా తగ్గిపోయింది.

"నువ్వు లేకపోతే ఇది ఉత్త రైలంట తల్లీ. నువ్వుంటే ఉంటాడంట. దిగుతానంటే తనూ దిగుతాడంట. మీ చెల్లెలి దుకాణంలో కప్పులు కడుక్కుంటూ పడుంటాడంట."

"కదలని నేల మీద ఆయన ఒక్క కప్పు తిన్నగా పెట్టలేరు" అంది ఈనిడ్. నవ్వుదామనుకుంది, నవ్వు రాలేదు. కంటి నిండా నీళ్లొచ్చాయి. "చెల్లెలికి మాటిచ్చాను. ఆయన అడుగుతారని చూసీ చూసీ, ఇక అడగరులే అని ఇచ్చాను."

అటు చివర వెర్న్ బల్లని వదిలేసి ఆమె వైపు ముందుకి ఒరిగాడు. పళ్లేలు గలగలమన్నాయి.

అది చూసి ఈనిడ్ అరతలుపు తీసింది. వడ్డన జరుగుతుండగా ఆమె ఆ గుమ్మం దాటడం ఎవరూ ఎరగరు. బల్లల మధ్య నడవడం ఆమెకి బొత్తిగా రాదు. అటు తూలింది, ఇటు తూలింది. ఎటు తూలితే అటు ఒక తెల్లచెయ్యి లేచి ఆమెని పట్టుకుని పక్కదానికి అందించింది. అలా చేతి నుంచి చేతికి వెళ్లి వెర్న్ ముందు నిలబడింది. గరిట ఇంకా చేతిలోనే ఉంది.

"మీరు నాలుగు మాటలు బట్టీ పట్టారని క్లారీ చెప్పాడు" అంది.

"మర్చిపోయాను" అన్నాడు వెర్న్.

"మంచిదయింది. అందులో ఒక్కటీ బాలేదన్నాడు."

ఆమె గరిట క్లారీ చేతిలో పెట్టింది. వెర్న్ చేతుల మీంచి ఒక పళ్లెం తీసి ఒకావిడ ముందు పెట్టింది. ఇంకోటి తీసి ఇంకొకావిడ ముందు పెట్టింది. తొందర పడలేదు. రసం ఒలకకుండా, ఒక్కో పళ్లేన్నీ ఎవరిది వాళ్లకి ఇచ్చింది. ఆఖరి పళ్లెం కూడా తీసేశాక వెర్న్ తన చేతుల వంక చూసుకున్నాడు. ఆమె ముందు అవి ఖాళీగా ఉండడం ఏనాడూ ఎరగడు. వాటిని ఏం చెయ్యాలో తెలియక గాల్లో అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడడుగు వెర్న్" అంది ఈనిడ్. "వెనక్కి నడవకుండా అడుగు."

వెర్న్ అడిగాడు. ఏమడిగాడో పక్క బల్లవాళ్లకి కూడా వినపడలేదు, అంత చిన్నగా అడిగాడు. ఈనిడ్ చెప్పిన "సరే" మాత్రం పెట్టె అంతా వినపడింది.

అప్పుడే రైలు ఇంకో పెద్ద మలుపు మీదికి విరుచుకుపడింది. పట్టుకోవడానికి దగ్గర్లో ఇంకేమీ లేక, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు.